పాఠం: నిరాశ్రయులతో పనిచేసే సిబ్బందికి వృత్తి శిక్షణ – కేసు నిర్వహణ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– నిరాశ్రయులు అంటే ఎవరో వివరించగలరు
– కేసు నిర్వహణలోని దశలను క్రమంగా చెప్పగలరు
– ఆశ్రయ కేంద్రం సిబ్బందికి తెలిసి ఉండవలసిన చట్టాలను పేర్కొనగలరు

1. పరిచయం

రామగుండం, గోదావరిఖని ప్రాంతాన్ని చూసినవారికి ఇక్కడ ఇళ్లకు కొదవ ఉన్నట్టు తోచదు. సింగరేణి, ఎన్.టి.పి.సి. కాలనీలలో క్వార్టర్లు వరుసలు తీరి కనిపిస్తాయి. అయితే క్వార్టరు అనేది ఉద్యోగంతో ముడిపడిన ఇల్లు. ఉద్యోగ విరమణ తరువాత దానిని ఖాళీ చేయాలి. పని వెతుక్కుంటూ వచ్చిన వలస కూలీలు, కుటుంబ ఆదరణ కోల్పోయిన వృద్ధులు, మానసిక అనారోగ్యంతో ఏదో రైలెక్కి ఎక్కడో దిగినవారు ఈ వరుసలలో కనిపించరు. వీరిని కలవాలంటే రాత్రిపూట స్టేషనుకు, బస్టాండుకు, గుళ్ల దగ్గరకు వెళ్లాలి.

2. నిర్వచనం, ప్రమాణాలు

జనాభా లెక్కలలో ఇల్లుగా గుర్తించిన కట్టడంలో కాక రోడ్ల పక్కన, వంతెనల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఆరుబయట నివసించేవారిని నిరాశ్రయులుగా లెక్కిస్తారు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి వీరిని లెక్కించారు. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రి లెక్కలో అందరూ దొరకరని మీరు గుర్తుంచుకోవాలి.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలని, అది రోజంతా, అన్ని కాలాలలోనూ తెరిచి ఉండాలని నిర్దేశించింది. 2011 లెక్కల ప్రకారం రామగుండం జనాభా రెండు లక్షలు దాటింది. అంటే రెండు వందల మందికి పైగా చోటు కావాలి. భవనం కట్టడం ఇంజనీరు పని. వచ్చినవారు అక్కడ నిలిచేటట్టు చూడడం మీ పని.

3. కేసు నిర్వహణ దశలు

గుర్తింపు: ఒకే చోటికి పలుమార్లు, వీలైతే ఒకే సమయానికి వెళ్లండి. ముఖం పరిచయమైన తరువాతే మాట కలుస్తుంది.

సంభాషణ: పేరు, ఊరు, ఆధార్ అంటూ మొదలుపెట్టకండి. “బాపూ, బువ్వ తిన్నవా?” అన్న పలకరింపు ఏ దరఖాస్తు ఫారం కంటే ముందుకు తీసుకుపోతుంది.

అంచనా: ఆరోగ్యం, ఆదాయం, గుర్తింపు పత్రాలు, కుటుంబం, ఆ వ్యక్తి కోరిక – ఈ ఐదింటినీ ఫైలులో విడివిడిగా రాయాలి.

ప్రణాళిక, అనుసంధానం: ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా చేయాలో రాయండి. ఆసుపత్రికి చీటీ రాసిచ్చి పంపితే సరిపోదు, వెంట వెళ్లాలి.

తదుపరి పరిశీలన: కేంద్రం విడిచిన తరువాత కూడా కొన్ని నెలలు కలుస్తూ ఉండాలి.

4. తెలిసి ఉండవలసిన చట్టాలు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017: మానసిక అనారోగ్యంతో తిరుగుతూ, తన బాగోగులు చూసుకోలేని వ్యక్తిని పోలీసులు 24 గంటలలోగా ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి. లాకప్‌లో ఉంచరాదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007: పోషణ కోరుతూ వృద్ధులు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు. తాము చేయలేకపోతే, వారు అధికారం ఇచ్చిన వ్యక్తి గాని సంస్థ గాని చేయవచ్చు.

ఓటు హక్కు: నిరాశ్రయులకు చిరునామా రుజువు లేకపోయినా ఓటరుగా నమోదు చేయవచ్చు. బూత్ స్థాయి అధికారి ఒకటికి మించి రాత్రులు వచ్చి, ఆ వ్యక్తి అక్కడే నిద్రిస్తున్నట్టు నిర్ధారించుకోవాలి.

5. ఒక ఉదాహరణ

ఒకప్పుడు బాయి పని చేసిన వృద్ధుడు బస్టాండులో ఉంటున్నాడనుకుందాం. ఆరోగ్య కారణాల మీద అనర్హుడు కాగా, అతని ఉద్యోగం కొడుక్కు వచ్చింది. కొంతకాలానికి అతడు ఇల్లు విడిచాడు. కొడుకు చిరునామా దొరకగానే తండ్రిని అక్కడ దింపి ఫైలు మూసేయాలనిపిస్తుంది. నివేదికలో అది ‘పునరేకీకరణ’గా కనిపిస్తుంది. కాని ఎందుకు వచ్చాడో తెలుసుకోకుండా దింపితే, అతడు మళ్లీ బయటికి రావచ్చు. ఈసారి మిమ్మల్ని చూస్తే తప్పించుకుంటాడు కూడా.

కాబట్టి ముందు అతడినే అడగాలి. బొగ్గుగనుల పింఛను పథకం, 1998 కింద అతనికి పింఛను ఉందా? జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోవడం వల్ల ఆగిందా? ఆగితే ఆ పత్రం ఇప్పించండి. సొంత పింఛను చేతికి వస్తే, కొడుకు ఇంటికి వెళ్లాలా, విడిగా గది తీసుకోవాలా అన్నది అతడే నిర్ణయించుకోగలడు. వెళ్లనంటే ఆ మాటను ఫైలులో ఉన్నదున్నట్టు రాయాలి. కొడుకు వైపు మాట కూడా వినాలి. అయితే తండ్రి అనుమతి లేకుండా అతడెక్కడున్నాడో కొడుకుకు చెప్పరాదు.

6. సారాంశం

నిరాశ్రయుడికి మొదట కావలసింది కప్పు. ఆ కప్పు కిందికి అతడు తన ఇష్టంతో రావాలి, తన ఇష్టంతో వెళ్లాలి. పై అధికారులు ఎంతమందిని తరలించారని అడగవచ్చు. ఆరు నెలల తరువాత వారిలో ఎంతమంది నిలకడగా ఉన్నారన్న లెక్క మీ దగ్గర ఉండాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. అంచనా దశలో నమోదు చేయవలసిన ఐదు అంశాలు ఏవి?
2. పై ఉదాహరణలోని వృద్ధుడు ఏ సహాయమూ వద్దంటే మీరు ఏం చేస్తారు? పది వాక్యాలలో రాయండి.