ఫ్రేమ్ తగ్గినా తూటా తగ్గదు

రివాల్వర్ అనగానే అందరి చూపూ బ్యారెల్ మీదికో, సిలిండర్ మీదికో పోతుంది. బాలానగర్ టూల్‌రూముల్లో మిల్లింగ్ మెషీన్ ముందు ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కనక నా చూపు ఫ్రేమ్ దగ్గరే ఆగుతుంది. బ్యారెల్ బిగిసేది దానికే. సిలిండర్ తిరిగేది దాని కిటికీలోనే. ట్రిగ్గర్, హామర్, స్ప్రింగులు ఇమిడేది దాని కడుపులోనే. నాకు తుపాకీ లేదు, కావాలనీ లేదు. కానీ ఇన్ని పనులు చేసే ఇనుప చట్రాన్ని జేబులో పట్టేలా ఎలా చేశారా అన్న ఆసక్తి మాత్రం తీరదు.

చిక్కంతా తూటాతోనే. ఫ్రేమ్‌ను ఎంత కుదించినా తూటా కుంచించుకుపోదు. అమెరికా పోలీసులకు అలవాటైన .38 స్పెషల్ తూటా గొట్టం పొడవు 29 మిల్లీమీటర్లు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని స్మిత్ అండ్ వెసన్ కంపెనీ అప్పటిదాకా చేస్తున్న చిన్న ఐ-ఫ్రేమ్ కిటికీ అంత పొడవుకు చాలలేదు. దాంతో ఫ్రేమ్‌ను కాస్త సాగదీసి 1950లో జె-ఫ్రేమ్ తయారు చేశారు. ఆ ఏడాది కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు అధిపతుల సమావేశంలో కొత్త రివాల్వర్‌ను చూపిస్తే, వాళ్లే ‘చీఫ్స్ స్పెషల్’ అని పేరు పెట్టారు.

అందులో గుళ్లు అయిదే. సిలిండర్ సన్నబడాలంటే ఒక గది వదులుకోక తప్పదు. అయితే దీంతో ఒక లాభమూ ఉంది. పేలేటప్పుడు సిలిండర్ కదలకుండా కింది నుంచి ఒక మేకులాంటి స్టాప్ దాని గాడిలోకి లేస్తుంది. ఆరు గదులుంటే పైగదికి సరిగ్గా ఎదురుగా అడుగున ఇంకో గది ఉంటుంది. గాడి తొలిచేది దాని పలుచని గోడ మీదే. అయిదుంటే అడుగున రెండు గదుల నడుమ ఉన్న దళసరి లోహం వస్తుంది. గాడి అక్కడ పడితే గోడ బలం తగ్గదు. పిడిలో చోటు కలిసి రావడానికి పాత బద్ద స్ప్రింగును తీసేసి చుట్ట స్ప్రింగు పెట్టారు.

ఇక తయారీ. ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చుల మధ్య సుత్తి దెబ్బలతో సాగగొట్టి ఫ్రేమ్ ఆకారం తెస్తారు. తర్వాత మిల్లింగ్‌తో కిటికీ, లోపలి గూళ్లు తొలుస్తారు. లోపలి భాగాలు పెట్టడానికి కుడిపక్క తెరిచి, మూతపలక బిగిస్తారు. మంచి పనివాడు కూర్చిన పలక అతుకు వెతికినా కనపడదు. దాన్ని విప్పాలంటే స్క్రూలు తీసి, పిడి ఫ్రేమ్ మీద కర్రతో మెల్లగా తట్టాలి. అదురుకు పలక తనే లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించారంటే అంచు పాడైనట్టే.

రూగర్ కంపెనీ వేరే దారి పట్టింది. మైనంతో నమూనా చేసి, చుట్టూ పెంకు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఉక్కు పోస్తుంది. మన ఆదిలాబాద్ ఓజాలు కంచు బొమ్మలు పోసే పద్ధతికీ దీనికీ మూలం ఒకటే. రూగర్ మూతపలకనూ వద్దనుకుని, ట్రిగ్గర్ భాగాలన్నిటినీ కింది నుంచే ఎక్కిస్తుంది. పక్క గోడలు రెండూ నిండుగా నిలబడతాయి.

బరువు తగ్గించడం ఇంకో కథ. .38 స్పెషల్ పేలితే ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్ల దాకా పోవచ్చు. దాన్ని ముందుగా ఓర్చుకోవాల్సింది సిలిండర్. అందుకే ఫ్రేమ్ అల్యూమినియమైనా నడుస్తుంది. 1950లలో అమెరికా వైమానిక దళం కోసం సిలిండర్‌నూ అల్యూమినియంతోనే చేశారు. అవి నమ్మదగ్గవి కావని తేలాక చాలావాటిని వెనక్కి తీసుకుని ధ్వంసం చేశారు. అల్యూమినియంలో కొద్దిగా స్కాండియం కలిపిన ఇప్పటి ఫ్రేములకు కూడా, బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందులోంచి చిమ్మే మంట పైపట్టీని తినెయ్యకుండా చిన్న ఉక్కు రేకు అడ్డం పెడతారు.

మన దేశంలో సామాన్యులకు .38 దొరకదు, ఆ కొలత నిషిద్ధం. అందుకే కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు .32కే పరిమితమయ్యాయి. వాళ్లు ఏళ్లపాటు చేసిన .32ల ఫ్రేమ్ ఒకే ముక్క కాదు. వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో మధ్యకు మడత తిరిగి తెరుచుకుంటుంది. పైన కొక్కెం పట్టి ఉంచే ఇలాంటి ఫ్రేమ్‌కు .32 లాంటి నెమ్మదైన తూటాయే సరిజోడు. 2014లో వచ్చిన ‘నిర్భీక్’ కూడా ఈ కోవదే. టైటానియం మిశ్రమంతో బరువును అర కిలోకు దించారు. ధర మాత్రం అప్పట్లో లక్షా 22 వేలు.

మహిళల రక్షణ కోసమని చేసిన వస్తువుకు అంత ధరేమిటని చాలామంది విమర్శించారు. ఆ విమర్శ న్యాయమే. అయితే ఆ ధరలో కొంత మా మెషీన్ల దగ్గరే పుడుతుంది. టైటానియాన్ని కోసేటప్పుడు వేడి లోహంలోకి పాకదు, కట్టర్ మొన దగ్గరే కూడుకుంటుంది. వేగం తగ్గించాలి, కూలెంట్ ధారాళంగా పోయాలి, అయినా కట్టర్లు త్వరగా అరుగుతాయి. తగ్గిన ప్రతి గ్రాముకూ వర్క్‌షాపులో ఖర్చు ఇలా పెరుగుతూనే ఉంటుంది.