మెల్లగా నడిస్తేనే... మంచుకొండ!

కింద అరటితోటలు. పైన మంచు. మధ్యలో ఒకప్పుడు నిప్పులు కక్కిన నేల. తాళ్లు కట్టుకుని వేలాడే పనిలేదు, నడవగలిగితే చాలు. వారం రోజుల్లో ఆఫ్రికా నెత్తిన నిలబడొచ్చు. అయితే అక్కడ గెలిపించేది కాళ్ల బలం కాదు... వెనక్కి తిరగమంటే తిరిగి వచ్చేసే గుణం!

ముక్త్యాల రేవులో నిలబడితే కృష్ణమ్మ తాపీగా సాగిపోతూ కనిపిస్తుంది. ఆ నదికి మంచుతో చుట్టరికం లేదు. గంగలా హిమాలయాల్లో కరిగిన నీళ్లు కావు, వాననీళ్లే. కానీ నిప్పుకొండలతో మాత్రం పాత పరిచయమే! కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం కొండలు దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా పరుచుకుని గడ్డకట్టడం వల్ల ఏర్పడినవే. ఆ నల్లరాతి మీద పుట్టిన నీళ్లే వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడి రేవును తాకుతాయి.

అదంతా ఎప్పటి మాటో. ఇప్పుడు ఆ ఒడ్డున పెరిగి హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఫోన్ చేసి, 'ఈ సెలవుల్లో కిలిమంజారో ఎక్కుతానమ్మా' అన్నాడనుకోండి. జగ్గయ్యపేటైనా, నందిగామైనా ఇంట్లో సీను ఒక్కటే. 'అగ్నిపర్వతం ఎక్కడమేంట్రా, నీకేమైనా పిచ్చా?' అని అమ్మ భయం. 'చిన్న పిల్లలే ఎక్కుతున్నారు, వీడికేం?' అని నాన్న ధీమా. నిజం ఈ రెండింటికీ మధ్యలో ఉంది.

మూడు శిఖరాల కొండ

కిలిమంజారో ఉన్నది టాంజానియాలో, కెన్యా సరిహద్దు పక్కనే. ఎత్తు 5,895 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. కిలిమంజారోకు వెళ్లే మరంగు దారిలో అసలు నడక మొదలయ్యే గేటే 1,800 మీటర్ల పైన ఉంటుంది. అంటే మన కొండ పూర్తయిన చోట కంటే పైన ఆ కొండ మొదలవుతుందన్నమాట!

చూడ్డానికి ఒకే కొండ. నిజానికి షిరా, మవెంజి, కిబో అనే మూడు అగ్నిపర్వతాలు కలిసిపోయి అలా అయింది. మొదటి రెండూ పూర్తిగా చల్లారిపోయాయి. అన్నిటికన్నా ఎత్తైన కిబో మాత్రం చావలేదు, నిద్రపోతోంది. దాని నోట్లో కొన్నిచోట్ల ఇప్పటికీ గంధకపు వాసన వస్తుంది. భయపడాల్సిన పనిలేదు, లక్ష ఏళ్లకు పైగా అది పెద్దగా బద్దలైంది లేదు.

భూమధ్యరేఖకు కాస్త కింద మంచు ఉంటుందంటే 19వ శతాబ్దం మధ్యలో యూరప్ పండితులు నమ్మలేదు. 1889 అక్టోబర్‌లో హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ శిఖరం చేరారు. చరిత్రలో నిలిచినవి వాళ్ల పేర్లే. కింద అడవి దారి చూపిందీ, సామాన్లు మోసిందీ మాత్రం స్థానికులు. ఆ వాలులో అరటి, కాఫీ పండించుకునే చగ్గా తెగ వాళ్లలో ఎంతోమందికి ఇప్పుడు గైడు పని, కూలి పనే జీవనాధారం.

అడవి నుంచి మంచు దాకా

పైకి దారులు చాలానే ఉన్నాయి. ఎక్కువమంది ఎంచుకునే వాటిలో మచామే ఒకటి. ఆరేడు రోజుల నడక. మొదటిరోజు చినుకులు రాలే దట్టమైన అడవి. రెండోరోజుకి చెట్లు పొట్టివైపోతాయి. తర్వాత గడ్డి, ఆ తర్వాత రాళ్లు, బూడిద, ఎడారి. చివరికి మంచు. వారంలో భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా నడిచినట్టే!

మూడోరోజు ఓ తమాషా ఉంటుంది. పొద్దుట్నుంచీ ఆయాసపడుతూ లావా టవర్ అనే నల్లటి రాతిగుట్ట దాకా, అంటే దాదాపు 4,600 మీటర్ల ఎత్తుకి ఎక్కిస్తారు. తీరా ఎక్కాక, మళ్లీ కిందికి దింపి 3,900 మీటర్ల చోట గుడారం వేస్తారు. కష్టపడి ఎక్కింది దిగడానికా అని కొత్తవాళ్లు విసుక్కుంటారు. అసలు కిటుకంతా అందులోనే ఉంది. పగలు ఎత్తుకి తీసుకెళ్లి పల్చటి గాలి రుచి చూపించాలి, రాత్రి కాస్త కింద పడుకోబెట్టాలి. అప్పుడే ఒళ్లు ఆ గాలికి అలవాటు పడుతుంది.

ఆఖరి మజిలీ పేరు బరాఫు. స్వాహిలీ భాషలో మంచుగడ్డ అని అర్థం. మనం ఎరిగిన 'బరఫ్' మాటే సముద్రం దాటి అక్కడికి చేరింది! అక్కడి నుంచి అర్ధరాత్రి బయల్దేరతారు. తలకు దీపం, ఒంటిమీద నాలుగైదు పొరల బట్టలు. సున్నాకి పది డిగ్రీల దిగువన చలి, దానికి తోడు గాలి. తెల్లవారుతుండగా అగ్నిపర్వతం అంచు చేరతారు. ఆ అంచు వెంబడే ఇంకాసేపు నడిస్తే ఉహురు శిఖరం. ఉహురు అంటే స్వేచ్ఛ. 1961లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పెట్టిన పేరది.

గైడు మాటే శాసనం

ఈ కొండ మీదికి సొంతంగా వెళ్లనివ్వరు. లైసెన్సున్న గైడు ఉండాల్సిందే. సామాను మోసేవాళ్లు, వంటవాడు అదనం. ఒక్కో కూలీ 20 కిలోలకు మించి మోయకూడదన్నది నిబంధన. గేటు దగ్గర మూటలు తూకం వేస్తారు.

నడక మొదలైన క్షణం నుంచీ గైడు నోట వినిపించేది ఒకటే మాట... 'పోలే పోలే'. అంటే మెల్లగా, మెల్లగా. ఎంత మెల్లగా అంటే, పక్కవాడితో కబుర్లు చెబుతూ నడవగలిగేంత. ఆయాసంతో మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టే. విచిత్రమేంటంటే, ఇక్కడ ఎక్కువగా ఇబ్బంది పడేది ముసలివాళ్లే అనుకోలేం. జిమ్‌లో కండలు పెంచి హుషారుగా ముందు పరిగెత్తే కుర్రాళ్లు కూడా కూలబడిపోతారు. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగమే. ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువూ సగమే.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం... ఇవి మొదటి హెచ్చరికలు. అక్కడ ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. ఖాతరు చెయ్యకుండా ఇంకా పైకి వెళ్తేనే ప్రమాదం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. తూలుతూ నడిచినా, పొంతన లేకుండా మాట్లాడినా మెదడు వాస్తోందన్నమాట. రెండూ ప్రాణాలు తీసేవే. వాటికి అసలు మందు ఒక్కటే, వెంటనే కిందికి దింపడం.

అందుకే రాత్రి భోజనాల దగ్గర గైడు ఒక్కొక్కరి వేలికీ ఆక్సీమీటరు పెడతాడు. కరోనా రోజుల్లో మన ఇళ్లలో చూసిన ఆ చిన్న క్లిప్పే. తిన్నావా, నీళ్లు తాగావా, తల నొప్పిగా ఉందా అని ఆరాలు తీస్తాడు. నొప్పి ఉన్నా లేదని చెప్పేవాళ్లతోనే చిక్కంతా! లక్షలు ఖర్చుపెట్టి వచ్చాం, ఫొటో దిగకుండా వెళ్తే నలుగురూ ఏమంటారో అన్న బెంగతో నిజం దాచేస్తారు. శిఖరం గంట దూరంలో ఉన్నా సరే, గైడు 'ఇక చాలు, దిగుదాం' అంటే దిగిపోవాల్సిందే. కట్టిన డబ్బుకి దక్కే అసలు సరుకు ఆ మాటే.

మన మస్తాన్... మన పూర్ణ

తెలుగువాళ్లకి ఈ కొండ కొత్త కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోనూ ఎత్తైన శిఖరాలు ఎక్కి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. అందులో మూడోది కిలిమంజారో. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగో ఏడు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి కోటగుట్ట మీద తొలి పాఠాలు నేర్చుకున్న ఆ అమ్మాయి 2016లో కిలిమంజారో శిఖరం కూడా చేరింది. 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలీతో ఏడు ఖండాలూ పూర్తిచేసింది.

మస్తాన్‌బాబు కథ అక్కడితో ఆగలేదు. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ అనే అగ్నిపర్వతం మీదికి ఒంటరిగా బయల్దేరాడు. మార్చి 24 తర్వాత కబురు లేదు. వాతావరణం పాడైంది. ఏప్రిల్ మొదట్లో ఆ కొండ మీదే అతని మృతదేహం కనిపించింది. వయసు నలభై. ఎవరెస్ట్‌ను గెలిచినవాడు కూడా మంచుకొండ ముందు మామూలు మనిషే. ఇంట్లో అమ్మ పడే భయంలో అర్థం ఉందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కరిగిపోతున్న కిరీటం

అయినా జనం ఎందుకు వెళ్తున్నారు? ఒక కారణం, ఆ మంచు ఎన్నాళ్లో ఉండదు. శిఖరం అంచున నడుస్తుంటే పక్కనే గోడల్లా నిలబడి మెరిసే హిమానీనదాలు కనిపిస్తాయి. దారి వాటి మీదుగా పోదు, పక్కనుంచి పోతుంది. 1912లో ఉన్న మంచులో 2011 నాటికే 85 శాతం పోయింది. భూమి వేడెక్కడం ఒక్కటే కాదు, అక్కడ గాలిలో తేమ తగ్గి మంచు కురవడమూ తగ్గిపోయింది. పొడి గాలికి గడ్డకట్టిన మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. 2050 కల్లా ఆఫ్రికాలోని ప్రపంచ వారసత్వ స్థలాల్లో, కిలిమంజారోతో సహా, హిమానీనదాలు మిగలవని యునెస్కో 2022లో హెచ్చరించింది. ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లలు పెద్దయ్యేసరికి అది పేరుకే మంచుకొండ!

బయల్దేరే ముందు...

* జనవరి నుంచి మార్చి మొదటి వారం వరకు, మళ్లీ జూన్ నుంచి అక్టోబర్ వరకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో వానలు ఎక్కువ.
* ఐదు రోజుల ప్యాకేజీ చవకే. కానీ ఏడెనిమిది రోజులది తీసుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది, శిఖరం చేరే అవకాశమూ పెరుగుతుంది.
* గుండె జబ్బు, ఉబ్బసం, బీపీ ఉన్నవాళ్లు డాక్టరు సలహా లేకుండా వెళ్లకూడదు. ఎత్తుకి వాడే మాత్రలు కూడా సొంత వైద్యంగా మింగొద్దు.
* ఎల్లో ఫీవర్ టీకా, దాని ధ్రువపత్రం సంగతి ముందే కనుక్కోవాలి.
* మూడు నెలల ముందు నుంచీ రోజూ నడక. వారానికోసారి వీపున బరువుతో మెట్లు ఎక్కడం.
* అంత ఎత్తునుంచి అత్యవసరంగా దించే ఖర్చుకి బీమా వర్తిస్తుందో లేదో చూసుకోవాలి.

ఇంతా తెలుసుకున్నాక ముక్త్యాల అమ్మకి అబ్బాయి చెప్పాల్సింది 'నాకేం కాదు' అని కాదు. 'గైడు తిరగమంటే తిరిగి వచ్చేస్తానమ్మా' అని. ఆ మాట ఇచ్చి, నిలబెట్టుకోగలిగితే శిఖరం దాకా వెళ్లినా, సగం దారిలో వెనుదిరిగినా ప్రయాణం పూర్తయినట్టే. మహాబలేశ్వరంలో బయల్దేరిన కృష్ణమ్మ కూడా ఎక్కడా తొందర పడలేదు. పోలే పోలే అనుకుంటూనే ముక్త్యాల దాకా వచ్చింది మరి!