ఇద్దరి వ్యాజ్యం – మూడవవాని నష్టం

ఎద్దులు కుమ్ములాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని మన పెద్దలు అన్నారు. వర్తక సంస్థల మధ్య వచ్చే వ్యాజ్యాలకు ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. వాది ఒక కంపెనీ, ప్రతివాది మరొక కంపెనీ. సరుకు కొన్నవాడు వాదీ కాడు, ప్రతివాదీ కాడు. న్యాయస్థానంలో అతని గొంతు వినిపించదు. అయినా ఆ వ్యాజ్యపు బరువు కొంత అతని భుజాలపై పడుతూనే ఉంటుంది. ఇది ఏ విధంగా జరుగుతుందో మన విద్యార్థులకు తెలియజెప్పడమే మా ఈ వ్యాసపు ఉద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. మనం నాగలి కొంటే ఆ నాగలి మనదవుతుంది. దానిని అమ్మినవానికి మరొకనితో తగవు వచ్చినా మన దుక్కి ఆగదు. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అటువంటిది కాదు. సొమ్ము చెల్లించినవానికి సాధారణంగా దక్కేది దానిని వాడుకొనే అనుమతి మాత్రమే. ఆ అనుమతి ఇచ్చినవానికి అసలు హక్కే లేదని ఎవరైనా దావా వేస్తే, వాడుకొనేవాడు చిక్కులో పడతాడు. 2003 మార్చిలో అమెరికాలో ఎస్‌సీఓ అనే సంస్థ ఐబీఎంపై దావా తెచ్చింది. యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌పై హక్కులు తనవని, అందులోని భాగాలు అక్రమంగా లినక్స్‌లో చేరాయని దాని ఆరోపణ. అంతటితో ఆగక, లినక్స్ వాడేవారికి కూడా బాధ్యత తప్పదని సుమారు 1,500 పెద్ద కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2004 మార్చిలో మోటారు విడిభాగాలు అమ్మే ఆటోజోన్‌పైన, కార్లు తయారుచేసే డైమ్లర్ క్రైస్లర్‌పైన వ్యాజ్యాలు వేసింది. వీరు సాఫ్ట్‌వేర్ అమ్మేవారు కారు, వాడుకొనేవారు. చివరకు 2010లో జూరీ ఆ యూనిక్స్ హక్కులు నోవెల్ అనే మరొక కంపెనీవేనని తేల్చింది. హక్కు ఎవరిదో తేలడానికి ఏడేళ్ళు పట్టింది. హెచ్చరిక మాత్రం మొదటి ఏడాదే వాడకందారుల గుమ్మం తట్టింది.

ఇటువంటి తగవే మన తెలుగునాట విత్తనం విషయంలో వచ్చింది. విత్తనంలోనూ కంటికి కనిపించని ఒక సాంకేతిక విద్య ఇమిడి ఉండవచ్చు. దానికీ పేటెంటు, లైసెన్సు ఉండవచ్చు. కాయతొలుచు పురుగును తట్టుకొనేందుకు ఒక మట్టి సూక్ష్మజీవి నుండి తీసిన జన్యువును పత్తిలో చేర్చారు. అదే బీటీ పత్తి. 2002 మార్చిలో భారత ప్రభుత్వం దాని సాగుకు అనుమతి ఇచ్చింది. ఆ విద్యకు మన దేశంలో లైసెన్సులు ఇచ్చినది మహికో మాన్‌శాంటో బయోటెక్ సంస్థ. 2004లో నూజివీడు సీడ్స్ కంపెనీ దాని వద్ద లైసెన్సు తీసుకొని తన సంకర విత్తనాలలో ఆ జన్యువును వాడసాగింది.

అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలు దాటింది. అందులో సుమారు 1,250 రూపాయలు రాయల్టీయే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల కమిషన్‌ను ఆశ్రయించి, ఆ ఏడాదే ధరను 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయానికి ప్రత్యేకంగా శాసనం కూడా చేసింది.

2015లో రాయల్టీ మొత్తంపై కంపెనీల మధ్య తగవు ముదిరింది. ప్రభుత్వాలు నిర్ణయించిన దానికి మించి అడుగుతున్నారని నూజివీడు పక్షం, రావలసిన సొమ్ము చెల్లించలేదని మాన్‌శాంటో పక్షం వాదించాయి. ఆ నవంబరులో లైసెన్సు రద్దయింది. వ్యాజ్యం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. విత్తనంలో చేరిన జన్యువుపై ఆ పేటెంటు చెల్లదని 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి తీర్పు చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరపాలని తిప్పి పంపింది. ఆ ఏడాది నవంబరులో పేటెంటు గడువే తీరిపోయింది. 2021 మార్చిలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. జన్యువు చేరిన విత్తనానికి పేటెంటు వర్తిస్తుందా అన్న మూలప్రశ్న ఆ వ్యాజ్యంలో తేలకుండానే మిగిలిపోయింది.

ఇందులో రైతు స్థానమేమిటి? రాయల్టీ ప్యాకెట్టు ధరలో కలిసే ఉంటుంది గనుక అతడు దుకాణంలోనే దానిని చెల్లించాడు. ఆ సొమ్ములో ఎవరి వాటా ఎంత అన్నదే తగవు. ఈ వివాదాల నడుమనే, 2016లో మాన్‌శాంటో పక్షం కలుపు మందును తట్టుకొనే కొత్తరకం పత్తికి పెట్టిన దరఖాస్తును ఉపసంహరించుకొంది. మరుసటి ఏడాది అటువంటి పత్తి తెలుగు రాష్ట్రాలలో అనుమతి లేకుండానే సాగవుతున్నట్లు బయటపడింది. అది కొన్న రైతుకు రసీదు లేదు, పైరు పోతే నష్టపరిహారం అడిగే దారీ లేదు. ఈలోగా గులాబీరంగు పురుగు బీటీ పత్తికి లొంగడం మానింది. రాయల్టీ చెల్లించిన చేతులతోనే రైతు మళ్ళీ పురుగుమందు డబ్బా పట్టవలసి వచ్చింది.

రైతుకు దక్కిన ఊరట ప్రభుత్వం నుండి వచ్చింది. కేంద్రం 2015 డిసెంబరులో ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016లో రాయల్టీని 49 రూపాయలకు తగ్గించింది. 2020లో పూర్తిగా తొలగించింది.

రక్షణకు రెండవ దారి మన డెల్టాలోనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో స్థాపించిన వరి పరిశోధన కేంద్రం 1982లో ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ వంగడాన్ని విడుదల చేసింది. అది ప్రజల సొమ్ముతో పుట్టిన విత్తనం. రైతు గాదెలో దాచుకున్నాడు, పొరుగువానికి బదులిచ్చాడు. అట్లాగే రాష్ట్రాలు దాటింది. 2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా పండిన విత్తనాన్ని దాచుకొనే, మార్చుకొనే హక్కును రైతుకు గుర్తించింది. కాని సంకర పత్తి విత్తనాన్ని దాచి మరుసటి ఏడు చల్లితే ఆ దిగుబడి రాదు. కాబట్టి ఆ హక్కు చట్టంలో ఉన్నా, పత్తి రైతు ఏటా దుకాణానికి వెళ్ళక తప్పదు.

కంపెనీలు వ్యాజ్యమాడకూడదని మేము అనడం లేదు. శ్రమించి కనిపెట్టినవానికి ప్రతిఫలం దక్కవలసిందే. కాని కొన్నవానికి వేరొక దారి లేనప్పుడే ఇద్దరి తగవు మూడవవానికి ఆపద అవుతుంది. విత్తనమైనా, సాఫ్ట్‌వేరైనా కొనేముందు మన విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మనకు దక్కుతున్నది వస్తువా, అనుమతియా? రేపు ఆ అనుమతి పోతే ఆశ్రయించడానికి మరొక గుమ్మం ఉందా? ఆ రెండవ గుమ్మం ప్రజలదై, ఎప్పుడూ తెరచి ఉండేట్లు చూడడం ప్రభుత్వాల ధర్మం. దానిని అడిగి సాధించుకోవడం చదువుకున్నవారి బాధ్యత.