ఫైర్‌ప్లేస్ ఉన్న హాల్‌ని ఎలా సర్దుకోవాలి? టీవీ ఎక్కడ పెట్టాలి?

అమెరికాలో కొత్తగా ఇల్లు తీసుకున్న మనవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంటుంది. దాన్నేం చేయాలో తెలియక చాలామంది పైన టీవీ బిగించేసి, ముందు అట్టపెట్టెలు పెట్టేస్తారు. ఇవాళ అది ఎందుకు వద్దో, ఏం చేస్తే బాగుంటుందో చూద్దాం.

ముందు ఓ సరదా విషయం. మనం రోజూ వాడే 'ఫోకస్' అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ఏంటో తెలుసా? పొయ్యి! 1604లో కెప్లర్ ఆ మాటని కాంతి శాస్త్రంలో వాడాడు. అంటే ఫోకల్ పాయింట్ అనే మాటలోనే నిప్పు ఉందన్నమాట. చికాగోలోని రోబీ హౌస్‌లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్, లివింగ్ రూమ్‌కీ డైనింగ్‌కీ మధ్య ఫైర్‌ప్లేస్‌నే నిలబెట్టాడు.

ఇక సోఫాలు. రెండు సోఫాలు ఎదురెదురుగా వేసి, ఫైర్‌ప్లేస్‌ని ఆ చివర ఉంచండి. కూర్చున్నవాళ్లకి మంటా కనిపిస్తుంది, ఎదుటి మనిషి మొహమూ కనిపిస్తుంది. సోఫా, కర్టెన్, కార్పెట్ లాంటి కాలే వస్తువులు ఏవైనా కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. మ్యాంటెల్ మీద, అంటే పైనున్న అరుగు మీద, ఒకే పెద్ద అద్దం గానీ పెయింటింగ్ గానీ చాలు. పండక్కి అక్కడ బొమ్మలూ పూలదండలూ పెడితే, అవి తీసేదాకా మంట వెలిగించొద్దు.

టీవీ సంగతి: కూర్చున్నప్పుడు స్క్రీన్ మధ్యభాగం కంటికి సమానంగా ఉండాలి. మ్యాంటెల్ పైన పెడితే తల ఎత్తి చూడాలి, మెడ పట్టేస్తుంది. పైగా కింద నుంచి వేడి తగిలితే టీవీ పాడవుతుంది. పక్క గోడకి పెట్టుకోండి, గొడవే ఉండదు.

అసలు ముఖ్యమైంది ఇప్పుడు చెప్తున్నా, స్కిప్ చేయకండి. గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఆపేసిన తర్వాత కూడా దాని గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పాకే పిల్లలుంటే ముందు జాలీ తెర తప్పనిసరి. కట్టెలదైతే పొగగొట్టంలో మసి పేరుకుని అంటుకోవచ్చు, అందుకే ఏడాదికోసారి చిమ్నీ చెక్ చేయించాలి. పొగ సరిగ్గా బయటికి పోకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోనే ఉండిపోతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ప్రతి ఫ్లోర్‌లో, బెడ్‌రూమ్‌ల బయట అలారం పెట్టండి.

కాబట్టి ముందు ఆ అలారం టెస్ట్ బటన్ నొక్కి చూడండి, సోఫా తర్వాత జరుపుదురు గానీ. మీ హాల్ ఎలా సర్దారో కామెంట్స్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండీ!