మధ్యవర్తి యంత్రముల మరమ్మతు

మన చేతిలోని టెలిఫోను గాని, బల్లమీది కంప్యూటరు గాని ఒక సమాచారమును కోరినపుడు, ఆ కోరిక తిన్నగా ఆ సమాచారముగల యంత్రమునకే చేరునని మనము తలంతుము. పెక్కు సందర్భములలో అట్లు జరుగదు. నడుమ నొక మధ్యవర్తి యుండును. దానినే ప్రాక్సీ సర్వరు అందురు. అడుగువారి పక్షమున నిలిచి, ఒకరికై తెచ్చినదాని ప్రతిని దాచియుంచి, వేరొకరు దానినే కోరినపుడు దూరము పోకుండ తనయొద్దనుండియే ఇచ్చునది ఒక రకము. 1996లో వెలువడిన స్క్విడ్ ఇట్టిది. ఇచ్చువారి పక్షమున వాకిట నిలిచి, వచ్చిన కోరికలను పరీక్షించి, లోపలి యంత్రములకు పంచిపెట్టునది వేరొక రకము. ఫ్రాన్సు దేశీయుడగు విల్లీ టారో 2001లో వెలువరించిన హెచ్‌ఏప్రాక్సీ ఇట్టిది.

ఈ రెండు ప్రోగ్రాములకును మూలపాఠము బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ప్రతులు పంచవచ్చును. అయితే వ్రాయుట ఒక యెత్తు, వ్రాసినదానిని ఏండ్ల తరబడి కాపాడుకొనుట ఒక యెత్తు. ఆ రెండవ పని యెట్టిదో ఒక యుదాహరణమువలన తెలియును.

2021 సెప్టెంబరులో హెచ్‌ఏప్రాక్సీయందలి ఒక దోషము బయల్పడెను. మనము పంపు ప్రతి కోరికకును తలపైన కొన్ని శీర్షికలుండును. ప్రతి శీర్షికకును ఒక పేరు, ఒక విలువ. ఈ ప్రోగ్రాము పేరుయొక్క పొడవును వ్రాసికొనుటకు ఎనిమిది బిట్ల గడి నొకదానిని కేటాయించినది. అందు పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 255. దాని ప్రక్కగడిలో విలువయొక్క పొడవుండును. అంతకు మించిన పొడవు వచ్చినచో నేమి చేయవలయునన్న పరీక్షను మాత్రము అచ్చట నెవ్వరును వ్రాయలేదు.

ఒకడు 270 అక్షరముల పేరును పంపెననుకొందము. కూడికలో తొమ్మిదికి ఒకటి చేర్చినపుడు సున్న వేసి, చేతిలో నొకటి యుంచుకొందుము గదా! ఇచ్చటను అట్లే జరిగెను. 270లో 256 పోగా మొదటి గడిలో 14 మిగిలినది. చేతిలోని ఒకటి ప్రక్కగడిలోనికి పోయినది. అనగా పేరు 14 అక్షరములు, విలువ ఒక్క యక్షరము అని యంత్రము భ్రమించును. కోరికతో వచ్చు సరకు ఎంత పొడవో తెలుపు ‘కంటెంట్-లెంగ్త్’ అను శీర్షికకు, ఇంగ్లీషున అడ్డగీతతో కూడ, సరిగా 14 అక్షరములే. కనుక ఆ మాటను, దాని వెనుక నొక సున్నను, పిదప పనికిరాని యక్షరములను పేర్చి పంపినచో, ‘సరకు పొడవు సున్న’ అను దొంగశీర్షిక పుట్టును. సరకు లేదని నమ్మిన లోపలి యంత్రము, వెంటవచ్చిన సరకును మరియొక క్రొత్త కోరికగా గ్రహించును. వాకిట పరీక్ష జరుగని కోరిక యింటిలోనికి చొచ్చినట్లయ్యెను!

దిద్దుబాటు చిన్నదే. శీర్షికలను చేర్చుచోట, పొడవు మితి మీరినచో నిరాకరింపుమని కొలది పంక్తులు వ్రాసిన చాలును. కాని పని అంతటితో ముగియదు. లోకములో అందరును ఒకే కూర్పును వాడరు. కావున వాడుకలోనున్న పాత కూర్పులన్నిటికిని ఆ దిద్దుబాటును వేరువేరుగా చేర్చి విడుదల చేయవలసివచ్చెను. వెంటనే మార్చుకొనలేనివారికై, కంటెంట్-లెంగ్త్ శీర్షికలు ఒకటికి మించినచో ఆ కోరికను త్రోసివేయు తాత్కాలిక నియమమును గూడ తెలిపిరి.

అన్ని దోషములకును ఇట్టి యదృష్టము పట్టదు. స్క్విడ్‌ను 2021లో ఒక పరిశోధకుడు శ్రద్ధగా పరిశీలించి 55 లోపములను కనిపెట్టెను. 2023 అక్టోబరులో అతడు వానిని ప్రకటించునాటికి 35 ఇంకను దిద్దబడకుండెను. ఇది నిర్లక్ష్యముకాదు, ఆ పనికి పూనుకొన్న స్వచ్ఛందసేవకులు కొలదిమంది, వారి తీరిక కొంచెము. కొన్నియెడల దిద్దుటకంటె తొలగించుటయే మేలు. గోఫర్ అను పాత పద్ధతికి సంబంధించిన భాగమును స్క్విడ్ ఆరవ కూర్పునుండి తీసివేసిరి. వాడువారు లేని గదికి తలుపుంచుట దొంగకే లాభము గదా!

ఇట్టి ప్రోగ్రాములను వాడు సంస్థలు, విద్యాలయములు మూల్యము చెల్లింపనక్కరలేదు. కాని బాధ్యత కలదు. దోషము కనబడినపుడు ‘పనిచేయుటలేదు’ అని వ్రాసిన ప్రయోజనము లేదు. ఏ కూర్పు, ఏ యమరిక, ఏమి పంపగా ఏమి జరిగినది, దానిని మరల కలిగించు మిక్కిలి చిన్న మార్గమేది, ఇవి తెలిపినచో సగము మరమ్మతు జరిగినట్లే. అది భద్రతకు భంగకరమైనదైనచో ముందుగా పోషకులకే రహస్యముగా తెలుపవలయును. దిద్దిన కూర్పు రాగానే మార్చుకొనవలయును. వైద్యుడిచ్చిన మందు సీసాలోనే యున్నచో రోగము కుదురదు.

ఊరుమ్మడి చెరువునీరు అందరికిని కావలయును. గట్టున గండి పడునాడు గంప పట్టువారు నలుగురే యైనచో, ఆ నలుగురిని నిందించుట న్యాయముకాదు. మనమును ఒక తట్ట మన్ను మోయవలయును.