మిరప చేను కింద పాత ఊరు... ఫోన్‌లో వెతుకుదామా?

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ని. అయినా రాత్రి పది దాటితే నా ఫోన్‌లో రీల్స్ ఉండవు, గుంటూరు, ప్రకాశం పొలాల శాటిలైట్ ఫొటోలే ఉంటాయి. ఎందుకంటారా? ఆ పొలాల కింద ఊళ్లున్నాయి.

అమరావతి పక్కన ధరణికోటనే చూడండి. శాతవాహనుల నాటి ధాన్యకటకం అదే. 1960ల తొలినాళ్లలో తవ్వితే మట్టి కోటగోడ, కృష్ణలో కలిసే పడవల కాలువ, దాని ఒడ్డున రేవు బయటపడ్డాయి.

పైనుంచి ఎలా తెలుస్తుంది?

పూడిపోయిన కందకంలో తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. దానిమీద పైరు ఏపుగా ఉంటుంది. కింద ఇటుక గోడ ఉంటే వేళ్లు దిగవు, అక్కడ మొక్క ముందే వాడుతుంది. గట్టు మీద నిలబడితే ఏమీ తెలీదు. ఆకాశం నుంచి చూస్తే గీత గీసినట్టు కనిపిస్తుంది.

గూఢచారి తీసిన ఫొటోలు

‘కరోనా’ అంటే వైరస్సే కాదు. 1960 నుంచి 1972 దాకా అమెరికా నడిపిన గూఢచారి ఉపగ్రహాల పేరు కూడా అదే. ఆ ఫొటోలను 1995లో బయటపెట్టారు. స్కాన్ చేసినవి ‘ఎర్త్ ఎక్స్‌ప్లోరర్’ సైట్‌లో ఉచితం. సాగర్ నీళ్లు వదిలింది 1967లో. అంటే కాలువలు రాకముందు మన నేల ఎలా ఉండేదో వాటిలో చూడొచ్చన్నమాట. పక్కనే ఇప్పటి గూగుల్ ఎర్త్ పెట్టుకోండి. అప్పటి దిబ్బ ఇప్పుడు చదునైన చేను కావచ్చు.

గుండ్రంగా కనిపించిందల్లా స్తూపం కాదండోయ్! ఇటుక బట్టీ కావచ్చు, పాత చెరువు కట్ట కావచ్చు. వేసవిలో ఎర్రగా మెరిసేది మిరప కళ్లమే. అందుకే తాతయ్యల్ని అడగండి. చేను పేరులో ‘దిబ్బ’, ‘దిన్నె’, ‘పాటి’ ఉంటే ఆగి చూడాల్సిందే. అమరావతి స్తూపాన్ని జనం ‘దీపాలదిన్నె’ అనేవారు. భట్టిప్రోలులో ‘విక్రమార్క కోట దిబ్బ’ ఉంది.

ఆలస్యమైతే మిగలదు

భట్టిప్రోలు స్తూపం ఇటుకలు 19వ శతాబ్దంలో రోడ్ల కిందికి పోయాయి. పాలరాళ్లు వెల్లటూరు తూము కట్టడానికి వాడారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వేసరికి మిగిలిన దాంట్లోనే శాసనాలున్న ధాతు పేటికలు దొరికాయి. ఎరువుగా పాటిమన్ను బళ్లకెత్తడం మన పల్లెల్లో పాత అలవాటే. ఇప్పుడు బండి స్థానంలో జేసీబీ వచ్చింది. అంతే తేడా.

మీకేమైనా కనిపిస్తే లొకేషన్ ఇన్‌స్టాలో పెట్టకండి, గుప్తనిధుల బ్యాచ్ ముందే దిగుతుంది. స్క్రీన్‌షాట్, సర్వే నంబరు పురావస్తు శాఖకు పంపండి. గునపం మాత్రం పట్టొద్దు. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న నిధి దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే!