మునిగిన పొలంలో పక్షుల విడిది

ఎడారిలో నీరు కనిపిస్తే ఒయాసిస్సు. చుట్టూ సముద్రమే ఉన్న అండమాన్‌లో ఉప్పు సోకని నేలే ఒయాసిస్సు. సిప్పీఘాట్‌లో అలాంటి నేలను సముద్రం లాగేసుకుంది. ఇప్పుడు దాన్ని చూడ్డానికే పర్యాటకులు వస్తున్నారు.

తెలతెలవారుతుండగా రోడ్డు పక్కన కారు ఆగుతుంది. బైనాక్యులర్లు బయటికొస్తాయి. పల్చటి నీటి మీద ఈల బాతుల గుంపు, గట్టు వెంట కొంగలు, లకుముకి పిట్టలు. అదృష్టం బాగుంటే ఈ దీవులకే ప్రత్యేకమైన అండమాన్ టీల్ బాతు కూడా కనిపిస్తుంది. వలస పక్షులు కూడా వచ్చే నవంబరు-ఫిబ్రవరి నెలలే ఇక్కడ అసలు సీజన్.

శ్రీవిజయపురానికి (2024 సెప్టెంబరు దాకా పోర్ట్‌బ్లెయిర్) 14 కి.మీ. దూరంలోని సిప్పీఘాట్‌కు ఒకప్పుడు పేరు తెచ్చింది పక్షులు కాదు, ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం. 80 ఎకరాల్లో లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియాలు, కొబ్బరి. వంటింటి డబ్బాలో తప్ప లవంగాన్ని చూసి ఎరగని వారికి చెట్టు మీద మొగ్గను చూడటమే ఓ వింత.

2004 డిసెంబరు 26 అంతా మార్చేసింది. సునామీ అల వచ్చి వెనక్కి పోయింది కానీ నీరు మాత్రం పోలేదు. కారణం అల కాదు, నేల. ఆనాటి భూకంపానికి దక్షిణ అండమాన్ సుమారు మీటరు మేర కుంగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో మాత్రం నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. కుంగిన చోట వరి మడుల్లోకి, కొబ్బరి, పోక తోటల్లోకి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు చేరడం మొదలైంది. చెట్లు నిలబడినచోటే మోడువారాయి. రైతు వదిలిన మడిలోకి బాతు దిగింది.

దీవుల్లో మంచి నేలే కాదు, మంచినీరూ అపురూపమే. ఏటా సుమారు 3,000 మి.మీ. వాన కురిసినా వేసవిలో రాజధానికి నీటి కటకట తప్పదు. 1973లో కట్టిన ధనికరి డ్యామే అక్కడి కుళాయిలకు పెద్ద దిక్కు. ఈ కష్టసుఖాల్లో తెలుగువారికీ వాటా ఉంది. 2011 లెక్కల ప్రకారం దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు.

పోయిన నేల తిరిగి వస్తుందా? గట్లు, తూములు కట్టి పోటు నీటిని ఆపొచ్చు. మట్టిని వెడల్పాటి ఎత్తు మడులుగా పోసి పైన కూరగాయలు, మధ్య కాలువల్లో వరి, చేపలు పెంచే పద్ధతిని దీవుల్లోని కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ప్రచారం చేసింది. అయితే రైతు గెలిచిన ప్రతి మడీ బాతు కోల్పోయే మడే. రెంటికీ చోటు మిగల్చాలంటే ఏది పొలమో, ఏది పక్షుల నెలవో ముందే గీత గీసుకోవాలి.

వండూరు తీరానికి వెళ్లే పర్యాటకులు దారిలో ఇక్కడ గంట ఆగితే చాలు. తాగునీళ్లు వెంట ఉంచుకోవాలి. నీళ్లలోకి మాత్రం దిగకూడదు. అండమాన్ కయ్యలు ఉప్పునీటి మొసళ్లకు పుట్టిల్లు. కెమెరా క్లిక్‌మనిపించే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మంచిది: ఫొటోలో అందంగా మెరిసే ఆ నీటి కింద ఒకరి పొలం గట్టు ఉంది.